కడపలో బ్రౌను దొరగారి బంగళా



శతవార్షికోత్సవ సంచిక కమిటీవారు దేవరకొండ చుట్టుప్రక్కల ఉన్న పాత మిషను బంగళాలను గూర్చి ఒక వ్యాసము వ్రాసి ఇమ్మని మమ్ములను కోరారు. సంతోషముగా ఒప్పుకున్నాము. తీరా కలము పట్టి కూర్చున్న తరువాత వ్రాయుటకు ఆధారము లేదని తెలిసింది. ఏ బంగళా ఏ సంవత్సరములో కట్టారు, ఎవరు కట్టించారు, ఎవరి తరువాత ఎవరు అందులో కాపురమున్నారు అని అడిగితే పెద్దలు ఒక్కొక్కరు ఒక్కొక్క విధముగా చెప్పారు. చెప్పినవారి మీద మాకు గౌరవమున్నది గాని, చెప్పినదంతా అచ్చు వేయించే ధైర్యము లేదు. కాగితము లేదు. కాగితము ఎందుకు లేకుండా పోతుందో ఈ వ్యాసములో ఒకచోట చెప్పుకుంటాము. అందులో మా తప్పు కూడా ఉన్నది.

అందుచేత కమిటీవారి క్షమాపణ కోరి, మరొక బంగళా చరిత్ర వ్రాస్తున్నాము. అది మన అధ్యక్ష మండలములో లేదు. కృష్ణ దాటి, నల్లమల అడవి దాటి కడపలో ఉండేది. ఇప్పుడు అక్కడా లేదు. అయినను దానిని గూర్చి వ్రాయుటకు కావలసినంత ఉన్నది. ఎందుకనగా అందులో కాపురమున్న మనిషి కాగితము విలువ తెలిసినవాడు.

మా ఇంటిలో ఆదివారపు ప్రసంగము తయారు చేసుకునే బల్ల మీద బైబిలు ప్రక్కన ఉండే పుస్తకము బ్రౌను నిఘంటువు. వేదాంత కళాశాలలో చదివే రోజులలో పాత పుస్తకముల అంగడిలో కొన్నాము. అట్ట రెండుసార్లు మార్పించాము. తెలుగు బైబిలులోని ఏ పాతమాట దగ్గర ఆగిపోయినా చెయ్యి దాని మీదికి పోతుంది. ఇన్ని సంవత్సరములు ఆ పుస్తకమును వాడుకొని, దానిని వ్రాసిన మనిషి ఒక పాదిరిగారి కుమారుడని మేము చాల ఆలస్యముగా తెలుసుకున్నాము.

ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను 1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించారు. తండ్రి డేవిడ్ బ్రౌను ఆంగ్లికన్ సంఘపు గురువు. 1786లో బంగాళ దేశమునకు వచ్చి అక్కడనే ఉండిపోయారు. 1800లో ఫోర్టు విలియం కళాశాల స్థాపించినప్పుడు దానికి ఆయనే ప్రోవోస్టు. హుగ్లీ నది ఒడ్డున శ్రీరాంపూరులో ఆల్డీన్ అనే ఇంటిని ఆయన కొన్నారు. ఆ ఊళ్లోనే విలియం కేరీగారు, మార్ష్‌మన్‌గారు, వార్డుగారు బైబిలును ఈ దేశపు భాషలలోనికి తెచ్చే పనిలో ఉండేవారు. వారు బాప్టిస్టులు, ఈయన ఆంగ్లికన్. అయినను స్నేహమునకు అది అడ్డము కాలేదు.

ఆల్డీన్ తోటలో నది గట్టు మీద పూజలు ఆగిపోయిన ఒక పాత దేవాలయము ఉండేది. 1806లో హెన్రీ మార్టిన్ ఇంగ్లండు నుండి వచ్చినప్పుడు డేవిడ్ బ్రౌనుగారు దానినే ఆయనకు నివాసముగా ఇచ్చారు. చదువుకొనుటకు, ప్రార్థించుకొనుటకు మార్టిన్‌గారికి అదే గది అయింది. తరువాత ఆయన క్రొత్త నిబంధనను ఉర్దూలోనికి, పారశీలోనికి తర్జుమా చేసినది మీకు తెలిసినదే. ఆనాటికి మన ఛార్లెస్ ఏడెనిమిదేండ్ల పిల్లవాడు. ఇంటినిండా నిఘంటువులు, వ్రాతప్రతులు, మున్షీలు, పండితులు. తండ్రి పిల్లలకు చిన్ననాటనే హీబ్రూ మొదలైన భాషలు చెప్పించారు. ఒక మాటకు సరియైన అర్థము తేల్చుకొనుట కొరకు పెద్దలు గంటల తరబడి కూర్చొనుట చూచి పెరిగిన పిల్లవాడు, పెద్దవాడైన తరువాత తాను కొన్న ఇంటిని కూడా అలాగే నింపుకొనుటలో ఆశ్చర్యమేమున్నది?

1812లో డేవిడ్ బ్రౌనుగారు మరణించారు. అదే సంవత్సరము హెన్రీ మార్టిన్ కూడా తుర్కీ దేశములో ప్రయాణములోనే కన్నుమూశారు. కుటుంబము ఇంగ్లండుకు వెళ్లిపోయింది. ఛార్లెసుకు అప్పటికి పదమూడేండ్లు. అక్కడ హెయిలీబరీలో కంపెనీ ఉద్యోగమునకు కావలసిన చదువు చదివి, 1817 ఆగస్టులో మద్రాసులో ఓడ దిగారు. గురువుగా కాదు, కంపెనీ ఉద్యోగిగా.

తెలుగు అప్పటికి ఆయనకు ఒక్క ముక్క రాదు. మద్రాసులో ఫోర్టు సెయింట్ జార్జి కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులుగారి దగ్గర నేర్చుకున్నారు. పరీక్ష ముగించి 1820లో కడపకు, కలెక్టరు హాన్‌బరీ దొర దగ్గర సహాయకుడిగా వచ్చారు. ఆ సంవత్సరమే మద్రాసు గవర్నరైన థామస్ మన్రో, దేశభాష రాని అధికారి ప్రజలకు న్యాయము చేయలేడని నమ్మినవాడు. కచేరీలో రైతు చెప్పేది రైతు మాటలోనే వినవలసిన అవసరము అక్కడ కలిగింది. కళాశాలలో నేర్పిన తెలుగు వేరు, కడప బజారులో వినబడే తెలుగు వేరు. ఈ ఇబ్బంది వేదాంత కళాశాల నుండి వచ్చి పల్లె సంఘములో మొదటి ప్రసంగము చేసిన ప్రతి పాస్టరుకును అనుభవమే. మేము చేసిన మొదటి ప్రసంగము విని ఒక పెద్దమ్మ, అయ్యగారు బాగా చెప్పారు గాని ఏమి చెప్పారో తెలియలేదని బయట అన్నది. బ్రౌనుగారు మాత్రము పల్లెవారి మాటను తక్కువగా చూడక, విన్న మాటనెల్ల వ్రాసి పెట్టుకున్నారు. నిఘంటువునకు పునాది పడినది అక్కడనే అని మా అభిప్రాయము.

1822లో మచిలీపట్నమునకు బదిలీ అయింది. కడపలోను మచిలీపట్నములోను తన ఖర్చుతో పిల్లలకు ఉచిత పాఠశాలలు పెట్టించారు. 1824లో ఆయన చేతికి దుబాయి అనే ఫ్రెంచి కతోలిక గురువు హిందువుల ఆచార వ్యవహారములను గూర్చి వ్రాసిన పుస్తకము వచ్చింది. అందులో వేమన అనే కవి ప్రస్తావన ఉన్నది. ఎవరీ వేమన అని విచారిస్తే పండితులు పెదవి విరిచారు. వేమన పద్యములు కూలివాని నోట, బిచ్చగాని నోట వినబడేవి. శాస్త్రము చదివినవారు వాటిని కావ్యముగా లెక్కపెట్టేవారు కారు. బ్రౌనుగారు తాటాకు ప్రతులు తెప్పించుట మొదలుపెట్టారు. ఒక ప్రతిలో ఉన్న పద్యము మరొక దానిలో లేదు. ఒకే పద్యము నాలుగు ప్రతులలో నాలుగు విధములుగా ఉన్నది.

1826లో ఆయన తిరిగి కడపకు వచ్చారు. ఈసారి అక్కడ స్థిరపడవలెనను ఉద్దేశముతో ఒక బంగళాను, దాని చుట్టు ఉన్న పదిహేను ఎకరముల తోటను కొన్నారు. మేము చెప్పవచ్చిన బంగళా ఇదే.

పేరుకు అది దొరగారి ఇల్లు. నిజమునకు అందులో పండితులకు, లేఖకులకు చోటు ఎక్కువ, దొరగారికి చోటు తక్కువ అనిపిస్తుంది. ప్రజలు దానిని బ్రౌను కాలేజీ అని పిలిచారు. అక్కడ పాఠము చెప్పే మాస్టర్లు లేరు, పరీక్షలు లేవు; జరిగే పని ఒక్కటే, పోతున్న పుస్తకమును పోకుండ నిలుపుట. పర్యవేక్షణ అయోధ్యాపురము కృష్ణారెడ్డిగారిది. వఠ్యము అద్వైత బ్రహ్మయ్య, జూలూరి అప్పయ్య, ములుపాక బుచ్చయ్య శాస్త్రి, రావిపాటి గురుమూర్తి శాస్త్రి, ఇట్లు వేరువేరు ఊళ్లలో, వేరువేరు కాలములలో ఆయనకు తోడు పడిన పండితులు అనేకులు. జీతములు కంపెనీవారు ఇచ్చినవి కావు, ఆయన తన జీతములోనుండి ఇచ్చినవి. అవి చాలనప్పుడు అప్పు చేశారు. ఆ అప్పులు ఆయనను చాలకాలము వెంటాడినవి.

పని ఎట్లు జరిగేదో కొంచెము వివరించవలెను, ఎందుకనగా మన యువకులు తాటాకు పుస్తకము చూచి ఉండరు. ఎండబెట్టి కొలతకు కోసిన తాటాకు మీద గంటముతో అక్షరములు గీస్తారు. తరువాత మసి పూసి తుడిస్తే గీతలలో నలుపు నిలిచి అక్షరము కనబడుతుంది. ఆకులకు చిల్లి పెట్టి దారముతో కడతారు. చెదలు, పురుగు, వాన, పొగ అన్నియు దానికి శత్రువులే. కొన్ని తరములకు ఒకసారి ఎవరైనా తిరిగి వ్రాయకపోతే ఆ పుస్తకము చచ్చిపోయినట్లే. వ్రాసేవాడు తెలియని చోట తప్పు వ్రాస్తాడు, తెలిసిన చోట తన తెలివి కలుపుతాడు. అందుచేత బ్రౌనుగారు ఒక గ్రంథమునకు దొరికినన్ని ప్రతులు సంపాదించేవారు. లేఖకులు వాటిని కాగితము మీద ఎత్తి వ్రాసేవారు. పండితులు ప్రతులను ప్రక్కప్రక్కన పెట్టుకొని పోల్చి, పాఠభేదములు గుర్తించి, ఏది సరియైనదో తేల్చేవారు. తేలని చోట దొరగారు తానే తీర్పు చెప్పేవారు. తీర్పు ఎల్లప్పుడు సరియైనదని మేము అనము; తనకు నచ్చని చోట పట్టుదల ఎక్కువ మనిషి. కాని ప్రతులన్నియు భద్రపరచుట వలన, తరువాత వచ్చినవారు ఆయన తీర్పును కూడా తిరిగి విచారించుటకు వీలు కలిగింది.

వేమన పద్యములు 693 ఏర్చి, ఇంగ్లీషు అనువాదముతో 1829లో అచ్చు వేయించారు. పదేండ్ల తరువాత 1839లో 1164 పద్యములతో రెండవ కూర్పు వచ్చింది. కూలివాని నోట తిరిగిన పద్యము అచ్చు అక్షరములలో నిలబడింది.

ఇక్కడ ఒక మాట. క్రైస్తవుడై ఉండి, పాదిరిగారి కొడుకై ఉండి, ఈయన హిందువుల కావ్యములకు ఇంత సొమ్ము ఎందుకు పోశాడని ఒక సహోదరుడు మమ్ములను సూటిగా అడిగారు. ప్రశ్న న్యాయమైనదే. వేమన విగ్రహములను, కులమును ఎత్తిపొడిచాడు గనుక నచ్చి ఉంటాడని తేలికగా జవాబు చెప్పవచ్చును. కాని బ్రౌనుగారు వేమనతో ఆగలేదు. మనుచరిత్రము, వసుచరిత్రము, భారతము, భాగవతము, బసవ పురాణము, జంగముల సాహిత్యము, ఊరి కథలు, రాజుల వృత్తాంతములు, అన్నియు చేరదీశారు. ఈ కృషిలో ఆయన ఎవరి మతమును మార్చుటకు గాని, తన మతమును దాచుటకు గాని ప్రయత్నించినట్లు మాకు కనబడదు. ఒక జనము మాటలాడే భాషను ఆ జనము వ్రాసుకున్న పుస్తకములలోనుండి తప్ప నేర్చుకొనలేమని ఆయన నమ్మారు. ఆ భాషలోనే మనము బైబిలు చదువుచున్నాము. మా సహోదరునికి ఈ జవాబు పూర్తిగా తృప్తి కలిగించలేదు. వ్యాసము చదివిన తరువాత మరల వచ్చి మాటలాడుతామన్నారు.

కడపలో స్థిరపడవలెనన్న కోరిక నెరవేరలేదు. కంపెనీ ఉద్యోగము ఊరూర త్రిప్పింది. 1832, 33 సంవత్సరములలో గుంటూరు సీమలో నందన కరువు వచ్చినప్పుడు బ్రౌనుగారు అక్కడ ఉన్నారు. శవములను తీసివేయుటకు మనుషులు లేని దినములవి. పైవారికి పంపే కాగితములలో ఇతర అధికారులు కొరత అనే మెత్తని మాట వాడుచుండగా, ఈయన కరువును కరువు అనే వ్రాశారు. అది పైవారికి రుచించలేదు. మాటలకు అర్థము వ్రాసే పనిలో ఉన్నవానికి తప్పుడు మాట వ్రాయుట కష్టమే కదా.

1834లో ఉద్యోగము నుండి తప్పించబడ్డారు. ఇంగ్లండుకు వెళ్లారు. అప్పులు మీద ఉన్నవి, పని లేదు. మరొకడైతే తెలుగును మరచిపోయేవాడు. ఈయన లండనులో కంపెనీవారి ఇండియా హౌసు గ్రంథాలయమునకు వెళ్లి, అక్కడ మూలపడి ఉన్న దక్షిణదేశపు వ్రాతప్రతులను వెదికి పట్టుకున్నారు. అవి రెండు వేలకు పైగా ఉన్నవి. చదివేవారు లేని చోట వాటికి పనియేమి అని, వాటిని మద్రాసు లిటరరీ సొసైటీకి పంపించే ఏర్పాటు చేయించారు. తరువాత పారశీ అనువాదకుని పని మీద మద్రాసుకు తిరిగి వచ్చారు. అక్కడ పోస్టుమాస్టరు జనరలుగా కూడ పనిచేశారు. తన స్వంత సేకరణను కూడ ఆ సొసైటీకే అప్పగించారు. అవి నేటికిని మద్రాసులో ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారములో ఉన్నవి.

1840లో వ్యాకరణము వచ్చింది. నిఘంటువు 1852లో వచ్చింది. దానిని అచ్చు వేసినది మద్రాసు వేపేరిలోని క్రైస్తవ జ్ఞాన సంఘమువారి ముద్రాక్షరశాల. మన సంఘములకు ప్రార్థన పుస్తకములు, బైబిలు భాగములు అచ్చువేసి పంపిన తరగతికి చెందిన అచ్చుకూటములోనే వేమన, పెద్దన, తిక్కన వాడిన మాటలకు అర్థములు అచ్చయినవి. ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు, తెలుగులో కలిసిన పరభాషా పదములకు మిశ్రభాషా నిఘంటువు కూడ 1854 నాటికి వెలువడినవి. ఈ మూడవదానిని గూర్చి మన తెలంగాణమువారు ప్రత్యేకముగా తెలుసుకొనవలెను. దేవరకొండ ఆ కాలములో నిజాముగారి ఇలాకా. బ్రౌనుగారి అధికారము ఇక్కడికి రాలేదు. అయినను కచేరీలలో, భూమి కాగితములలో వాడే ఉర్దూ, పారశీ మాటలకు ఆయన ఇచ్చినంత మర్యాద చాలమంది తెలుగు పండితులు ఇవ్వలేదు. అవి తెలుగు కావని త్రోసివేయక, తెలుగువాడు నిత్యము వాడుచున్నాడు గనుక అర్థము తెలియవలెనని ఒక పుస్తకమే వేశారు. మా తాతగారి పెట్టెలోని పట్టా కాగితములు చదువబోయినప్పుడెల్ల మాకు ఆ దృష్టి ఎంత సరియైనదో తెలుస్తుంది.

ఆరోగ్యము చెడి, పక్షవాతము వచ్చి, 1855లో ఆయన ఈ దేశము విడిచిపోయారు. తరువాత లండను విశ్వవిద్యాలయములో తెలుగు ఆచార్యుడైనారు. వివాహము చేసుకొనలేదు. 1884 డిసెంబరు 12న లండనులో, ఎనుబదియారేండ్ల వయస్సులో మరణించారు. కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికలో సమాధి చేశారు.

ఇక బంగళా సంగతి. దొరగారు పోయిన తరువాత అది చేతులు మారింది. తోట ముక్కలైంది, ఊరు తోటలోనికి పెరిగింది. ఎర్రముక్కపల్లె అని ఇప్పుడు పిలిచే ఆ ప్రాంతములో ఇంటి కప్పు పోయి, చివరకు మొండి గోడలు మాత్రము మిగిలినవి. ఒక చేతినుండి మరొక చేతికి పోయేటప్పుడు దానిని కొన్నవారు స్థలమును కొన్నారు గాని, అక్కడ ఏమి జరిగినదో కొనలేదు. వారిని తప్పు పట్టము. పాత ఇల్లు కురుస్తుంది, చెదలు పడుతుంది, పిల్లలు పెద్దవారై వాటాలు అడుగుతారు. ప్రతి ఇంటి కథ ఇదే. 1970 తరువాత తిరుపతిలో వేంకటేశ్వర విశ్వవిద్యాలయమువారు బ్రౌను కాగితముల మీద పరిశోధన చేయించినప్పుడు, బంగోరె అను పేరుతో వ్రాసే బండి గోపాలరెడ్డిగారు రాత్రింబగళ్లు శ్రమించారు. ఆయన వెలికితీసిన ఉత్తరముల వలన, బ్రౌను ఎవరో మరచిన తెలుగువారికి మరల తెలిసింది. కడపలో జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు ఆ మొండిగోడల చోట ఒక గ్రంథాలయము లేవవలెనని పూనుకున్నారు. అప్పటి స్థలము యజమానులు, అక్కడ పుస్తకములే ఉండవలెనన్న కోరికతో స్థలము ఇచ్చారు. 1987లో శంకుస్థాపన జరిగింది. డబ్బు పోగుచేయుటకు శాస్త్రిగారు ఎన్ని గడపలు తొక్కి ఉంటారో, మందిరము కట్టించిన పాస్టర్లకు చెప్పనక్కరలేదు. 1995లో గ్రంథాలయము ప్రారంభమైంది. శాస్త్రిగారు 2014లో మరణించారు.

తరువాత ఆ గ్రంథాలయము విశ్వవిద్యాలయము చేతికి వచ్చి, సి.పి. బ్రౌను భాషా పరిశోధన కేంద్రము అయింది. ఆ విశ్వవిద్యాలయము పేరు యోగి వేమన విశ్వవిద్యాలయము. పండితులు పెదవి విరిచిన కవిని ఏ స్థలములో కూర్చొని నిలబెట్టారో, ఆ స్థలమునకు చివరి యజమాని ఆ కవి పేరు పెట్టుకున్న సంస్థయే. మొదటిసారి ఈ సంగతి విన్నప్పుడు మేము కొంతసేపు మాటలాడలేదు.

కొన్ని సంవత్సరముల క్రిందట మేము సాగరు దాటి, మాచర్ల, మార్కాపురము, గిద్దలూరు మీదుగా కడప వెళ్లి చూచాము. క్రొత్త కట్టడము, పుస్తకముల బీరువాలు, భద్రము చేసిన తాటాకు ప్రతులు, గోడ మీద దొరగారి చిత్రము. పాత గోడ ఏదైన కనబడుతుందేమోనని వెనుకకు వెళ్లి వెదికాము. ఏమి వెదుకుచున్నారని కాపలా మనిషి అడిగాడు. చెప్పాము. పాత ఇల్లు ఎక్కడుందయ్యా, పుస్తకాలన్నీ లోపలే ఉన్నాయి కదా అని అతడు లోపలికి దారి చూపించాడు.

ఆ మాట మమ్ములను పొడిచింది. కారణము చెప్పుకుంటామని మొదట వ్రాశాము.

దేవరకొండకు రాకముందు మేము పనిచేసిన ఒక పాస్టరేటులో మిషను కాలపు బంగళా ఒకటి ఉండేది. దూలములకు చెదలు పట్టి, పెంకులు జారి, వర్షాకాలములో నిలువ నీడ లేకుండ పోయింది. పడగొట్టి క్రొత్త ఇల్లు కట్టవలెనని కమిటీలో తీర్మానము పెట్టినది మేమే. ఆ తీర్మానములో తప్పు లేదని ఇప్పటికిని అంటాము. టేకు దూలములు, తలుపులు, కిటికీలు వేలము వేశాము. వచ్చిన సొమ్ముకు రూపాయి తేడా లేకుండ లెక్క వ్రాశాము. కాని లోపలి గదిలో మూడు రేకు పెట్టెలు ఉండేవి. వాటిలో పాత రిజిస్టర్లు, ఉపదేశుల దినచర్య పుస్తకములు, ఉత్తరముల కట్టలు. పై కొన్ని చెదలు తిన్నవి. క్రింద ఏమున్నదో మేము చూడలేదు. పనివారు తొందర పెట్టారు, శంకుస్థాపన తేదీ దగ్గర పడింది. పాత కాగితముల బండివాడు వచ్చి తూకము వేసి తీసుకొనిపోయాడు. ఆ డబ్బు లెక్కలో వ్రాసినట్లు కూడ జ్ఞాపకము లేదు.

ఏడాది తిరగలేదు. ఒక వృద్ధురాలు దూరపు పల్లెనుండి బస్సు దిగి వచ్చింది. తాను పుట్టిన కొద్ది దినములకే తల్లి చనిపోయిందట. పెంచినవారు ఊరిపేరుతోనే ఆమెను చెప్పేవారు గాని, బాప్తిస్మములో తల్లికి పెట్టిన పేరు ఏమిటో ఎవరికిని తెలియదు. ఇన్నాళ్లకు మనుమలు సంపాదించి సమాధి కట్టిస్తామంటున్నారు. రాతి మీద వ్రాయించుటకు పేరు కావలెను. అయ్యగారి దగ్గర పెద్ద పుస్తకములు ఉండేవని, అందులో అందరి పేర్లు ఉంటవని ఆమె చిన్ననాటినుండి విన్నది. ఆమెకు మేము ఏమి చెప్పగలము? టీ ఇచ్చి, బస్సు ఛార్జీ ఇచ్చి, ప్రార్థన చేసి పంపాము. ఆమె మమ్ములను ఒక్క మాట అనలేదు. సమాధి రాతి మీద ఫలానివారి తల్లి అని మాత్రము చెక్కించారని తరువాత తెలిసింది.

యోషీయా రాజు మందిరమును బాగు చేయించునప్పుడు యాజకుడైన హిల్కీయాకు గ్రంథము దొరికిన సంగతి మేము ఎన్నిసార్లో బోధించాము. ఆయన ఇల్లు బాగుచేస్తూ పుస్తకము కనుగొన్నాడు, మేము ఇల్లు పడగొడుతూ పుస్తకము పారవేశాము. ఆ వాక్యభాగము ఆ సంవత్సరము పాఠములలో వచ్చినప్పుడు మరొక సహోదరుని ప్రసంగమునకు పిలిచాము.

దేవరకొండకు వచ్చిన తరువాత వెస్ట్రీ గదిలో బీరువా క్రింద ఒక పెట్టె కనబడింది. తాళపుచెవి లేదు, తాళము పగులగొట్టించాము. బాప్తిస్మ రిజిస్టర్లు, పెండ్లి రిజిస్టర్లు, ఖననపు రిజిస్టర్లు, అన్నియు కలిసి పదునొకండు. రెండింటికి అంచులు పోయినవి. ఒకదానిలో సిరా పాలిపోయి, ఎండలో పెట్టి చూస్తే గాని పేర్లు కనబడవు. యువజన సంఘమునుండి ఇద్దరు పిల్లలు శనివారము సాయంత్రము వచ్చి కూర్చుంటారు. ఒకరు చదువుతారు, ఒకరు వ్రాస్తారు, చదువలేని చోట మేము భూతద్దము పట్టుకుంటాము. మాకును తెలియని చోట, ఆ పల్లె పెద్దలను పిలిపించి ఈ ఇంటిపేరు ఏది కావచ్చునని అడుగుతాము. ఒకే మనిషి పేరు బాప్తిస్మములో ఒక విధముగా, పెండ్లిలో మరొక విధముగా ఉంటే రెండును వ్రాయిస్తున్నాము. మీ ఇండ్లలో పాత బాప్తిస్మ పత్రములు, ఉపదేశుల నోటు పుస్తకములు, వెనుక పేర్లు వ్రాసిన ఫోటోలు ఉంటే చెదలు పట్టినవైనను తీసుకొని రండి. చూచి, ఎత్తి వ్రాసుకొని, మీవి మీకు ఇచ్చివేస్తాము.

ఈ వ్యాసము కమిటీవారికి ఇచ్చేనాటికి నాలుగవ రిజిస్టరు సగము వరకు వచ్చాము.